పోలీసు రాష్ట్రం చేతిలో ఉండాలా, కేంద్రం చేతిలోనా? ముప్పై మూడేళ్లు యూనిఫాం వేసుకున్నవాడిగా నా సమాధానం

మీ ప్రశ్న చదివాను. సైబర్ మోసంలో మీ నాన్నగారి ఖాతా నుంచి 3 లక్షల 80 వేలు పోయాయి. డబ్బు వెళ్లిన ఖాతా రాజస్థాన్‌లో ఉందని, అక్కడికి పోలీసు బృందాన్ని, మా భాషలో పార్టీని, పంపాలంటే పర్మిషన్ రావాలని, స్టేషన్‌లో మనుషులు లేరని ఐదు నెలలుగా తిప్పుతున్నారు. ఆ విసుగుతో మీరు అడిగారు: "దేశమంతటికీ ఒకే పోలీసు ఉండి, అది కేంద్రం చేతిలో ఉంటే ఈ తిప్పలు ఉండవు కదా? ఎమ్మెల్యేల జోక్యం కూడా పోతుంది కదా?"

నేను 1987లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్‌ఐగా చేరి, 2020లో తెలంగాణలో డీఎస్పీగా రిటైర్ అయ్యాను. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. రాష్ట్రం దాటిన నేరాన్ని పట్టుకోవడం ఒకటి, రాజకీయ జోక్యం ఇంకొకటి. మొదటి దాంట్లో మీతో చాలావరకు ఏకీభవిస్తాను. రెండో దాంట్లో అస్సలు ఏకీభవించను. ఎందుకో చెప్పాలంటే నా సర్వీసులో నన్ను ఎక్కువగా బాధపెట్టిన కేసు ఒకటి చెప్పాలి.

1990ల చివర్లో నేను ఒక సర్కిల్‌కి ఇన్‌స్పెక్టర్‌ని. ఏ జిల్లానో చెప్పను. ఒక కంకర క్వారీలో బ్లాస్టింగ్ జరిగి కూలీ చనిపోయాడు. వెళ్లి చూస్తే మందుగుండు లైసెన్స్ గడువు ఎప్పుడో ముగిసింది. షాట్ ఫైరర్, అంటే మందుగుండు పేల్చేవాడు, అని చెప్పిన మనిషి నిజానికి ట్రాక్టర్ డ్రైవర్. సాధారణంగా ఇలాంటి కేసుల్లో ఎవరో ఒక సూపర్‌వైజర్‌ని ముద్దాయిగా చూపించి ముగిస్తారు. నేను యజమాని పేరు ఎఫ్‌ఐఆర్‌లో పెట్టాను. తొమ్మిదో రోజు సాయంత్రం వైర్‌లెస్ సెట్‌లో మెసేజ్ వచ్చింది: వెంటనే రిలీవ్ అయి వీఆర్‌లో రిపోర్ట్ చేయమని. వీఆర్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పోస్టింగ్ ఉండదు, కుర్చీ ఉండదు, రోజూ వెళ్లి సంతకం పెట్టి ఏదైనా బందోబస్తు ఉంటే నిలబడాలి. శిక్ష అని కాగితం మీద ఎక్కడా ఉండదు, కానీ శిక్షే. నా తర్వాత వచ్చినాయన యజమాని పేరు తీసేసి, కూలీ అజాగ్రత్త వల్లే జరిగిందని రాశాడు.

మీరు అంటున్న రాజకీయ జోక్యం ఇదే, అది నా మీదే జరిగింది. అయినా పోలీసును ఢిల్లీకి ఇవ్వమని నేను అనకపోవడానికి కారణం ఆ కేసులో తర్వాత జరిగింది. చనిపోయిన కూలీ భార్య చంకలో పిల్లవాణ్ని పెట్టుకుని జిల్లా హెడ్‌క్వార్టర్స్‌కి బస్సులో వచ్చి ఎస్పీ ఆఫీసు గేటు ముందు కూర్చుంది. ఒకరోజు కాదు, పదకొండు రోజులు. స్థానిక విలేకరి ఒకాయన జిల్లా పేజీలో రాశాడు. ప్రతిపక్షానికి చెందిన ఎమ్మెల్యే దాన్ని అసెంబ్లీలో అడిగాడు. ఎస్పీ ఫైలు తెప్పించుకున్నారు. యజమాని పేరు మళ్లీ కేసులోకి వచ్చింది. బస్సు ఛార్జీకి అప్పు చేసి వచ్చిన ఆ మనిషికి ఎస్పీ ఆఫీసు గేటు అందింది. ఆ ఫైలు మీద నిర్ణయం ఢిల్లీలో, అప్పట్లో కేంద్ర హోంశాఖ ఉన్న నార్త్ బ్లాక్‌లో జరిగేదయితే ఆమె ఏ గేటు ముందు కూర్చునేది? ఏ భాషలో అడిగేది?

నా వాదన ఇదొక్కటే. పోలీసు తప్పు చేసినప్పుడు బాధితుడు వెళ్లి చొక్కా పట్టుకోగలిగినంత దూరంలో దాని యజమాని ఉండాలి.

ఇప్పుడు మన దేశంలో ఈ విషయం ఎలా ఉందో చూద్దాం, ఎందుకంటే చాలామంది పోలీసు పూర్తిగా రాష్ట్రానిదే అనుకుంటారు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోని రాష్ట్ర జాబితాలో మొదటి అంశం శాంతిభద్రతలు, రెండోది పోలీసు. కానీ పోలీసు అమలు చేసే క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలో ఉంది. అందుకే 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత దేశమంతటా ఒకేరోజు అమల్లోకి వచ్చాయి. మా పై అధికారులైన ఐపీఎస్‌లను ఎంపిక చేసేది యూపీఎస్సీ, శిక్షణ ఇచ్చేది హైదరాబాద్ శివరాంపల్లిలోని నేషనల్ పోలీస్ అకాడమీ, పోస్టింగ్ ఇచ్చేది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ కేంద్రానివి. సీబీఐ 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం కింద పనిచేస్తుంది కాబట్టి రాష్ట్రంలో అడుగుపెట్టడానికి ఆ రాష్ట్రం సమ్మతి కావాలి. అంటే మనది ఇప్పటికే కలగలిసిన ఏర్పాటు. కానిస్టేబుల్ మన జిల్లావాడు, ఎస్పీ ఏ రాష్ట్రంవాడైనా కావచ్చు. ఈ కలయిక మంచిదేనని నా అనుభవం. కులం, బంధుత్వం లేని ఎస్పీ ఒకడు పైన ఉండటం కిందివాళ్లకు చాలాసార్లు రక్షణ. ఆ క్వారీ ఫైలు తెప్పించుకున్న ఎస్పీకి తెలుగు సరిగ్గా రాదు.

కేంద్రం చేతిలో పెడితే జోక్యం పోతుందా అన్నదానికి ఊహించుకోవాల్సిన పని లేదు. ఢిల్లీ ఉంది. ఢిల్లీ పోలీసు మొదటి నుంచీ కేంద్ర హోంశాఖ కిందే ఉంది. 1984 నవంబరులో సిక్కులను వెతికి వెతికి చంపుతున్నప్పుడూ అంతే. అధికారిక లెక్క ప్రకారమే ఒక్క ఢిల్లీలో 2,733 మంది చనిపోయారు. ప్రధాని, హోంమంత్రి ఉండే ఊరు. పోలీసుకూ కేంద్ర ప్రభుత్వానికీ మధ్య ఏ ముఖ్యమంత్రీ లేడు, ఏ ఎమ్మెల్యే లెటరూ అక్కర్లేదు. అయినా పోలీసు చేతులు కట్టుకుని నిలబడింది. ఆ మాట తర్వాత వేసిన విచారణ కమిటీలు, కమిషన్లే రాశాయి. పోలీసు శిక్షణలో కుర్రాళ్లకు నేను ఈ ఒక్క ఉదాహరణ తప్పకుండా చెప్పేవాణ్ని.

2012 డిసెంబరు 16న బస్సులో ఆ అమ్మాయి మీద అఘాయిత్యం జరిగాక ఢిల్లీ జనం రోడ్ల మీదికి వచ్చారు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ పోలీసు తన చేతిలో లేదని చెప్పారు. అది నిజమే, కానీ ఓటు వేసిన జనానికి ఆ నిజం ఏం పనికొస్తుంది? ఏడాది తిరిగాక, 2014 జనవరిలో, కొత్త ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ కొందరు పోలీసు అధికారుల మీద చర్య తీసుకోవాలని రైల్ భవన్ దగ్గర రోడ్డు మీద ధర్నాకు కూర్చున్నారు. ఒక ఎస్‌హెచ్‌ఓ, అంటే స్టేషన్ అధికారి, మీద చర్య కోసం ముఖ్యమంత్రే రాత్రి చలిలో రోడ్డు మీద పడుకోవాల్సి వస్తే మామూలు మనిషి సంగతి ఏమిటి? ఆ ధర్నా సరైనదా కాదా అన్నది వేరే చర్చ. 2018లో, మళ్లీ 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు ఢిల్లీ అధికారాల మీద తీర్పులిచ్చినప్పుడు కూడా పోలీసు, శాంతిభద్రతలు, భూమి కేంద్రం దగ్గరే ఉంటాయని చెప్పాయి. అంటే ఆ ఊళ్లో పరిస్థితి అలాగే ఉంటుంది.

మన హైదరాబాద్‌కూ ఇలాంటి ప్రయత్నం ఒకటి జరిగిందని కొత్త తరానికి తెలియకపోవచ్చు. 2014 పునర్విభజన చట్టం సెక్షన్ 8 ప్రకారం ఉమ్మడి రాజధాని ప్రాంతంలో ప్రజల ప్రాణాలు, ఆస్తుల రక్షణ గవర్నర్ ప్రత్యేక బాధ్యత. ఆ ఆగస్టులో కేంద్ర హోంశాఖ దాని అమలు గురించి లేఖ రాస్తే తెలంగాణ ప్రభుత్వం గట్టిగా వ్యతిరేకించింది. 2015లో ఓటుకు నోటు వ్యవహారం వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సెక్షన్ 8 అమలు చేయాలని పట్టుబట్టింది. నేను అప్పుడు సర్వీసులోనే ఉన్నాను. మా వాళ్లందరిలో ఒకటే టెన్షన్: రేపు పొద్దున ఆర్డర్ సచివాలయం నుంచి వస్తుందా, రాజ్‌భవన్ నుంచి వస్తుందా? ఇద్దరు యజమానుల కింద పనిచేసే పోలీసు ఎవరికీ జవాబు చెప్పడు. మంచి అధికారి భయంతో కదలడు, చెడ్డ అధికారి ఇద్దరినీ వాడుకుంటాడు. 2024 జూన్ 2తో ఆ పదేళ్ల గడువు ముగిసింది. ఆ సెక్షన్ ఆచరణలోకి రాకపోవడం హైదరాబాద్‌కు మంచే జరిగిందని నా నమ్మకం.

అలాగని రాష్ట్రం చేతిలో ఉంటే అంతా బాగుంటుందని నేను చెప్పడం లేదు. 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగ్ జరిగే రోజు తెల్లవారుజామున, ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యాం మీదికి వచ్చి 26 గేట్లలో సగం, అంటే 13 గేట్లను తమ అధీనంలోకి తీసుకున్నారు. రెండు వైపులా నిలబడ్డ వాళ్లలో ఒకే బ్యాచ్ వాళ్లు, ఒకే అకాడమీలో కలిసి తిన్నవాళ్లు ఉన్నారు. నాకు తెలిసినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. టీవీలో అది చూస్తూ నేను అన్నం తినలేకపోయాను. పోలీసు ప్రభుత్వాల తగాదాలో కర్రగా మారితే ఎలా ఉంటుందో అది. చివరికి డ్యాం భద్రత సీఆర్‌పీఎఫ్‌కి ఇవ్వాల్సి వచ్చింది, అది సరైన నిర్ణయమే. రెండు రాష్ట్రాల మధ్య గొడవలో మూడో చెయ్యి కావాలి.

మణిపూర్ ఇంకా కఠినమైన ఉదాహరణ. 2023 మే నుంచి అక్కడ రాష్ట్ర పోలీసునే జనం మైతేయి, కుకి అని విడదీసి చూడటం మొదలైంది. పోలీసు ఆయుధాగారాల నుంచి వేల తుపాకులు లూటీ అయ్యాయి. ఒక సమాజం తన పోలీసును పూర్తిగా నమ్మడం మానేసినప్పుడు కేంద్రం వెళ్లి తీరాలి. అందుకే రాజ్యాంగంలో 355వ అధికరణం ఉంది. కానీ కేంద్ర బలగాలు అన్ని ఉన్నా అక్కడ నెలల తరబడి శాంతి రాలేదన్నది కూడా మర్చిపోకూడదు. బలగం మంటను ఆపగలదు, ఊళ్లో రోజువారీ పోలీసు పని మాత్రం చేయలేదు.

ఆ రోజువారీ పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ చర్చలో మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది స్టేషన్ లోపల ఒక రాత్రి కూడా గడపనివాళ్లు. నేను చేరిన కొత్తలో ఉమ్మడి ఖమ్మం జిల్లా ఏజెన్సీలో పనిచేశాను. చర్ల, వెంకటాపురం వైపు. అవతల బస్తర్, అప్పట్లో అది మధ్యప్రదేశ్. నా స్టేషన్‌లో ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు. ఆయనకు కోయ భాష వచ్చు. వారపు సంత రోజు ఉదయం ఆయన యూనిఫాం లేకుండా వెళ్లి ఇప్పపువ్వు, చింతపండు అమ్మేవాళ్ల పక్కన కూర్చునేవాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి చెప్పేవాడు: ఫలానా ఊరివాళ్లు ఈ వారం సంతకు రాలేదు, ఫలానా ఊరివాళ్లు బియ్యం మామూలుకంటే ఎక్కువ కొన్నారు. అంతే. ఆ రెండు మాటలు మాకు పది వైర్‌లెస్ సెట్లతో సమానం. కేంద్ర బలగం నుంచి రెండేళ్లకోసారి మారే కంపెనీ కమాండర్‌కి ఆ మనిషి దొరకడు. దొరికినా ఆ మనిషికి ఆయన మీద నమ్మకం కుదరదు.

గ్రేహౌండ్స్ కథ అందరికీ కొంత తెలుసు. 1989లో ఉమ్మడి రాష్ట్రంలో నక్సలైట్లను ఎదుర్కోవడానికి ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ నిర్మించిన దళం అది. 1993 జనవరిలో ఆయన్ని హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా నక్సలైట్లు కాల్చి చంపారు, దళం మాత్రం నిలిచింది. స్థానిక సమాచారం, ఈ నేల తెలిసిన మనుషులు దాని బలం. ఎన్‌కౌంటర్ల మీద వచ్చిన ఆరోపణలు, కోర్టుల్లో నడిచిన వాదనలు కూడా ఆ చరిత్రలో భాగమే, వాటిని దాచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అదే దళం 2008 జూన్ 29న రాష్ట్రం దాటి ఒడిశా బలిమెల జలాశయంలో పడవ మీద తిరిగి వస్తుంటే కొండల మీద నుంచి మావోయిస్టులు కాల్చడంతో 38 మంది పోయారు. అందులో ఎక్కువమంది మా గ్రేహౌండ్స్ పిల్లలే. రెండేళ్లు తిరక్కుండా, 2010 ఏప్రిల్ 6న, ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది చనిపోయారు, ఒక్కరు తప్ప మిగతా వాళ్లంతా సీఆర్‌పీఎఫ్ జవాన్లు. ఒక్క కారణంతోనే ఇంత జరుగుతుందని అనను. కానీ తమది కాని నేల మీద ఎంత శిక్షణ ఉన్నా ఎంత కష్టమో ఈ రెండూ చెబుతాయి. తర్వాత ఛత్తీస్‌గఢ్ స్థానిక యువకులతో డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్‌ని పెంచింది. సీఆర్‌పీఎఫ్ సైతం బస్తర్ ఆదివాసీ యువతతో బస్తరియా బెటాలియన్‌ని తయారుచేసుకుంది. కేంద్ర బలగమే స్థానికుడిని వెతుక్కుంటూ వచ్చింది.

ఇక మీ మొదటి ప్రశ్న, రాష్ట్రం దాటే నేరం. ఇక్కడ మీ కోపం న్యాయమైనదే.

మీ కేసులో ఏం జరుగుతుందో లోపలి నుంచి చెబుతాను. ఎస్‌ఐ బ్యాంకుకు నోటీసు ఇస్తాడు. డబ్బు వెళ్లిన మొదటి ఖాతా ఏ కూలీ పేరు మీదో ఉంటుంది, అతను కొన్ని వేలకు తన పాస్‌బుక్, సిమ్ అమ్ముకుని ఉంటాడు. అక్కడి నుంచి నిమిషాల్లో ఐదారు ఖాతాలకు వెళ్లి, ఏదో ఏటీఎంలో నగదుగా బయటికొస్తుంది. ముద్దాయిని తేవాలంటే ఒక ఎస్‌ఐ, ముగ్గురు కానిస్టేబుళ్లు రైలెక్కాలి. ప్రయాణ ఖర్చుల టీఏ బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు, చాలామంది జేబులోంచి పెట్టుకుంటారు. అక్కడ లోకల్ స్టేషన్‌కి వెళ్లి ఎంట్రీ వేయించి సాయం అడగాలి. భాష రాదు. కొన్ని ఊళ్లలో పట్టుకునే లోపే ఊరంతా చుట్టుముడుతుంది. పట్టుకుంటే అక్కడి మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచి ట్రాన్సిట్ వారెంట్ తీసుకోవాలి. ఇక్కడ స్టేషన్‌లో ఉన్న పదిహేను మందిలో నలుగురు పది రోజులు లేకపోతే ఆ వారం వినాయక నిమజ్జనం బందోబస్తుకి ఎవరు వెళ్తారని సీఐ అడుగుతాడు. మీ ఎస్‌ఐ మిమ్మల్ని తిప్పడం తప్పే. కానీ దాని వెనుక ఇంత ఉంది.

దీనికి మందు అన్ని స్టేషన్లనూ కేంద్రానికి ఇవ్వడం కాదు. రాష్ట్రాలు విడివిడిగా కట్టుకోలేని వాటిని కేంద్రం కట్టి అందరికీ ఇవ్వాలి. 2008 నవంబరు 26 ముంబై దాడి తర్వాత మనకు ఆ పాఠం వచ్చింది. కేంద్ర కమాండో దళం ఎన్‌ఎస్‌జీ అప్పటికి ఢిల్లీ పక్కన మానేసర్‌లో ఉండేది, కమాండోలు ముంబై చేరడానికి గంటలు పట్టింది. ఆ డిసెంబరులోనే జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) చట్టం వచ్చింది, మరుసటి ఏడాది హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు పెట్టారు. ఉగ్రవాదం, దొంగనోట్లు, మనుషుల అక్రమ రవాణా లాంటి వాటికి జాతీయ సంస్థ కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. సైబర్ నేరాల్లో ఫిర్యాదులకు పెట్టిన 1930 నంబర్, హోంశాఖ కింద సైబర్ నేరాల సమన్వయం చూసే ఐ4సీ సంస్థ, హైదరాబాద్, విశాఖ, హర్యానాలోని మేవాత్, ఝార్ఖండ్‌లోని జామ్‌తారా లాంటి చోట్ల పెట్టిన ఉమ్మడి సమన్వయ బృందాలు సరైన దారిలో ఉన్నాయి. తెలంగాణ తన వంతుగా సైబర్ సెక్యూరిటీ బ్యూరో పెట్టుకుంది. జామ్‌తారా ఎస్‌ఐ, హైదరాబాద్ ఎస్‌ఐ ఒకే స్క్రీన్ మీద ఒకే ఖాతా నంబర్ చూడగలిగితే సగం పని అయినట్టే. ఇంకా కావాల్సింది నాలాంటివాళ్లు ఎప్పటి నుంచో అడుగుతున్నదే: వేరే రాష్ట్రానికి వెళ్లే పార్టీ ఖర్చు భరించే కేంద్ర నిధి, రాష్ట్రం దాటిన కేసుల్లో అక్కడి పోలీసే అరెస్ట్ చేసి అప్పగించే బాధ్యత, రిపోర్ట్ కోసం నెలలు వేచి ఉండక్కర్లేనన్ని ఫోరెన్సిక్ ల్యాబ్‌లు.

కేంద్రానికి ఎక్కడిదాకా ఇవ్వాలి అన్నదానికి 2012 నాటి నేషనల్ కౌంటర్ టెర్రరిజం సెంటర్ వివాదం మంచి గుర్తు. ఇంటెలిజెన్స్ బ్యూరో కింద ఉండే ఆ సంస్థకు అరెస్ట్, సోదా అధికారాలు ఇవ్వాలనుకున్నారు. మమతా బెనర్జీ, నవీన్ పట్నాయక్, జయలలితతో పాటు అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ కూడా వ్యతిరేకించారు. సమాచారం సేకరించే రహస్య సంస్థకు అరెస్ట్ చేసే అధికారం కూడా ఇవ్వకూడదన్న అభ్యంతరం అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే. కుర్చీ మారితే ఈ విషయంలో మాట మారడం అన్ని పార్టీల్లోనూ చూశాం. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో సీబీఐకి సాధారణ సమ్మతిని వెనక్కి తీసుకుంది, ప్రభుత్వం మారగానే 2019లో మళ్లీ ఇచ్చింది. తెలంగాణ 2022 ఆగస్టులో వెనక్కి తీసుకుంది. రాష్ట్రం సమ్మతి ఇవ్వకపోయినా బాధితుడికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం హైకోర్టులు, సుప్రీంకోర్టు సమ్మతి లేకుండానే సీబీఐ దర్యాప్తుకు ఆదేశించవచ్చని చెప్పింది. 2019 మార్చిలో పులివెందులలో జరిగిన మాజీ మంత్రి హత్య కేసు హైకోర్టు ఆదేశంతోనే సీబీఐకి వెళ్లింది, ఆ తర్వాత విచారణను సుప్రీంకోర్టు హైదరాబాద్‌కు మార్చింది. ఇలా ఒక్కో కేసుకు, కోర్టు తూచి చూసి బయటికి పంపే దారి ఉండాలి. మొత్తం వ్యవస్థను మార్చేయక్కర్లేదు.

మరి రాజకీయ జోక్యం? నన్ను వీఆర్‌లో పెట్టిన ఆ మెసేజ్ సంగతి?

ఎద్దు ఏ కొట్టంలో ఉందన్నది కాదు ఇక్కడ చూడాల్సింది, ముక్కుతాడు ఎవరి చేతిలో ఉందన్నది చూడాలి. పోలీసుకు ముక్కుతాడు బదిలీ. 1857 తిరుగుబాటు తర్వాత తెచ్చిన 1861 పోలీసు చట్టం పోలీసును ప్రభుత్వం చేతి కిందికి తెచ్చింది, ప్రజల కిందికి కాదు. ఎమ్మెల్యే లెటర్ ఉంటేనే స్టేషన్ పోస్టింగ్ అన్న పద్ధతి మనం రెండు రాష్ట్రాల్లో, అన్ని పార్టీల పాలనలో చూశాం. ఆ లెటర్ రేపు ఎంపీ లెటర్‌గా మారితే మీకేం ఒరుగుతుంది?

2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మూలం మీదే చెయ్యి పెట్టింది. డీజీపీని యూపీఎస్సీ ఇచ్చిన ముగ్గురిలోంచి ఎంచుకోవాలి, రెండేళ్లు కదపకూడదు. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కీ రెండేళ్లు ఉండాలి. డీఎస్పీ వరకు బదిలీలు శాఖలోని బోర్డు చూడాలి. దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి వేరుచేయాలి. పోలీసుల మీద ఫిర్యాదులకు జిల్లాలో, రాష్ట్రంలో వేరే అథారిటీ ఉండాలి. 2018లో ఇన్‌ఛార్జి డీజీపీలను పెట్టవద్దని కూడా చెప్పింది. ఆ తర్వాత కూడా రెండు తెలుగు రాష్ట్రాలు ఇన్‌ఛార్జి డీజీపీలతో నడిచాయి. డీజీపీకే గ్యారంటీ లేనప్పుడు క్వారీ యజమాని పేరు రాసిన ఇన్‌స్పెక్టర్‌కి ఎవరు గ్యారంటీ? ఈ ఆదేశాలను పాటించకపోవడం మీద జనం కోపగించుకోవాలి. నేను చూసినంతలో ఎన్నికల మేనిఫెస్టోల్లో పోలీసుకు కొత్త వాహనాలు, వీక్లీ ఆఫ్ ఉంటాయి. ఎస్‌హెచ్‌ఓకి రెండేళ్ల పదవీకాలం మాత్రం ఎప్పుడూ కనిపించలేదు.

ముక్కుతాడు తాత్కాలికంగా చేతులు మారితే ఏమవుతుందో ప్రతి ఎన్నికల్లో చూస్తూనే ఉన్నాం. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 28ఏ ప్రకారం ఎన్నికల విధుల్లో ఉన్న పోలీసు ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్ మీద ఉన్నట్టే. ఆ కొన్ని వారాలు ఎమ్మెల్యే ఫోన్ ఎత్తక్కర్లేదు. ఆ స్వేచ్ఛ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. కానీ దానికీ హద్దు ఉంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్‌కు ముందు నెల ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం సహా కొన్ని జిల్లాలకు కొత్త ఎస్పీలను వేసింది. మే 13 పోలింగ్ తర్వాత ఆ జిల్లాల్లో హింస జరిగింది, ఆ ఇద్దరు కొత్త ఎస్పీలనూ సస్పెండ్ చేశారు. ఏ ఊళ్లో ఏ రెండు కుటుంబాల మధ్య ఎన్నేళ్ల పగ ఉందో, ఏ గడ్డివాములో ఏముందో నెల రోజుల్లో ఎవరికి తెలుస్తుంది? నిష్పక్షపాతం బయటి నుంచి తేవచ్చు. ఊరు తెలియడం అలా రాదు.

పరాయి దేశం ఉదాహరణ ఒక్కటి చెప్పి ఆపుతాను. స్కాట్లాండ్‌లో ఎనిమిది ప్రాంతీయ పోలీసు దళాలను 2013 ఏప్రిల్ 1న ఒకే దళంగా కలిపారు. ఏడాదిలోనే, ప్రశాంతంగా ఉండే హైలాండ్స్ ఊళ్లలో కూడా కొందరు పోలీసులు మామూలు డ్యూటీకి నడుముకు తుపాకీతో తిరగడం చూసి జనం, స్థానిక నాయకులు గొడవ చేశారు. 2014 అక్టోబరులో ఆ పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. మన ఒక్క రాష్ట్రమంత జనాభా కూడా లేని చిన్న దేశంలోనే దూరం పెరిగితే ఇలా అయింది.

మీ నాన్నగారి కేసుకి వస్తాను, అసలు మీకు కావాల్సింది అదే. 1930కి ఫోన్ చేసినప్పుడు లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టినప్పుడు ఇచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ తీసి పెట్టుకోండి. స్టేషన్‌లో ఎస్‌ఐని "ముద్దాయి దొరికాడా" అని అడగడం ఆపి, "ఎంత డబ్బు హోల్డ్ అయింది, ఏ బ్యాంకులో" అని అడగండి. హోల్డ్ అంటే డబ్బు ముందుకు కదలకుండా బ్యాంకు ఆపి ఉంచడం. ఆ అంకె ఆయన దగ్గర ఉంటుంది. హోల్డ్ అయిన డబ్బు కోసం ముద్దాయి దొరికే దాకా ఆగక్కర్లేదు. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 503 కింద మీ పరిధిలోని మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయండి, లేదా జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసుకు వెళ్లి లోక్ అదాలత్‌లో పెట్టమనండి. తెలంగాణలో ఈ దారిలో చాలామందికి డబ్బు తిరిగి వచ్చింది. ఎఫ్‌ఐఆర్ కాపీ, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆధార్ రెండేసి సెట్లు పట్టుకెళ్లండి. స్టేషన్‌లో ఇంకా తిప్పితే ఏసీపీ లేదా డీఎస్పీ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ తర్వాత సోమవారం ఎస్పీ లేదా కమిషనర్ గ్రీవెన్స్‌కి వెళ్లండి. నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లండి.